తాత్కాలికం అనే స్టాంపు

బాన్సువాడలో సృజన్ చెయ్యి పడందే ఏ కష్టమూ తీరదు. ఇది సృజన్ మాట. నిజానికి పడాల్సింది ఆ చేతిలోని రబ్బరు స్టాంపు. చెయ్యి ఎవరిదైనా సరిపోతుంది.

బస్టాండు ఎదుట అతనికి స్టాంపులు చేసే దుకాణం ఉంది. ఎవరో చేయించుకుని తీసుకుపోని స్టాంపు ఒకటి అక్కడే మిగిలిపోయింది. దాని మీద 'తాత్కాలికం' అని ఉంటుంది. మనసులో దేన్ని తలుచుకుని ఒత్తించుకుంటే అది పొద్దుగూకేసరికి పోతుంది. జ్వరమొచ్చినవాళ్లు నుదురు, పన్నునొప్పివాళ్లు చెంప చూపించి, ఒత్తించుకుని, చాయ తాగి బస్సెక్కుతారు. బిచ్కుంద దేవిదాస్ మూడుసార్లు ఒత్తించుకున్నా ఆయన బీడీ అలవాటు మాత్రం చెక్కుచెదరలేదు.

"ఆ మాట దేన్నీ పోగొట్టదురా," అన్నారు తెలుగు చెప్పి రిటైరైన రామాంజనేయులు సారు. "నువ్వు ఉండిపోయేదానివి కాదని దానికి గుర్తుచేస్తుంది, అంతే."

ఆ సోమవారం బస్టాండులోని సెల్‌ఫోన్ల దుకాణంలో పనిచేసే సింధుజ వచ్చి అరచెయ్యి చాపింది. రెండేళ్లుగా ఆమె కనబడితే చాలు, సృజన్ ఆటపట్టించకుండా ఉండడు. అసలు మాట ఒక్కటే, రేపు చెప్దాంలే అని దాటేస్తూ వచ్చాడు.

మద్నూర్ నుంచి మర్నాడు పెళ్లిచూపులకు వస్తున్నారని చెప్పిందామె. "మనసుల ఒకడున్నడు. రెండేండ్ల సంది చూస్తున్న, నోరు తెరుస్తలేడు. వాణ్ని పెట్టుకొని ఇంకొకని ముందల ఎట్ల కూసుంట? ఇగ పోవాలె."

ఒకడున్నాడనగానే సృజన్ బెదిరాడు, వాడు పోవాలనగానే తేలికపడ్డాడు. నోరు తెరవనివాడంటే పక్క జిరాక్సు దుకాణం రాజీవన్నే. పొద్దంతా వాగే తను ఎట్లా అవుతాడు?

"గా మూగోని కోసం ఇన్నొద్దులు ఆగినవా?" అన్నాడు.

సింధుజ అతని మొహంలోకి చూసింది. "ఒత్తుతవా, వద్దంటవా? నువ్వే చెప్పు."

"గసొంటోడు ఉంటే ఎంత, పోతే ఎంత," అని సృజన్ ఆమె చెయ్యి పట్టుకుని ఒత్తాడు.

పొద్దుగూకే వేళకు మళ్లీ వచ్చింది. అరచేతిలో స్టాంపు ఊదారంగు లేదు. పోయిందని, హాయిగా ఉందని చెప్పింది. ఇంతకీ ఎవడని అడిగాడు సృజన్.

"నువ్వే," అంది సింధుజ, బస్సు టైము చెప్పినట్టు. నిజాంసాగర్ బస్సు రాగానే ఎక్కేసింది.

మద్నూర్ సంబంధం కుదిరింది. సృజన్ ఈ కథంతా రాజీవ్‌కి కొంచెం కొంచెంగా చెప్పాడు. ఉండిపోయేదైతే స్టాంపుకు పోయేదే కాదులే అని రాజీవ్ ఓదార్చాడు. అప్పుడు సృజన్ తల దించుకుని మిగిలిన ముక్క కూడా ఒప్పుకున్నాడు.

"మొదటిసారి సరిగ్గ పడలేదన్నా. ఇంకు అద్ది మల్లొకసారి గట్టిగ ఒత్తిన."