శాంపిల్ సీసా

“నూనె చూసుకునుడు గూడ ఒక నౌకరేనా సారికా?” అన్నాడు మా ఆయన శాంతిరాజ్, నేను వడ్డించిన పప్పుచారు జుర్రుకుంటూ. “ఇంట్ల రోజూ జేసేదే గదా! దానికి మళ్ల ఇన్‌చార్జి అని పేరొకటి. వద్దని చెప్పు.”

రామగుండం అవతల రేకుల మిల్లులో నా పని అదే. ఇనుప రేకును కాల్చకుండా, చల్లగానే రోలర్ల మధ్య నొక్కి పలచన చేస్తారు. నీళ్లలో కలిపిన నూనె పాలలాగా తెల్లగా దాని మీద పడుతూ ఉండాలి. నూనె తక్కువైతే రేకు నిండా గీతలు, ఎక్కువైతే రోలర్లకు పట్టు దొరకదు. నూనె తొట్టిలో పైన తేలే నల్ల తెట్టు రోజూ తీయకపోతే తొట్టి మొత్తం మురిగిపోతుంది. పసిపిల్లను సాకినట్టు సాకాలి. ఇక మీదట ఏ నూనె కొనాలో కూడా నేనే తేల్చాలట, నూనె గది మొత్తం నాకే అప్పగిస్తారట. మేనేజరు భూపాల్ సారు సోమవారం జవాబు చెప్పమన్నారు. నాకెంత ఆశగా ఉందో దేవుడికే తెలుసు.

మా అత్త ఎలిజబెత్, నేను మిల్లు నుంచి రాగానే స్నానం చేస్తే గాని వంటింట్లోకి రానివ్వదు. చేశాక వంటింట్లోంచి బయటికి రానివ్వదు. కొడుకు బొగ్గుబాయి నుంచి ఒళ్లంతా మసితో వస్తే మాత్రం “కష్టం జేసి అచ్చిండు బిడ్డ” అంటుంది. ఆయనది కష్టం, నాది కంపు. ఏం న్యాయమో!

శనివారం కొత్త నూనె శాంపిల్ తెచ్చి, నీళ్లలో ఎట్లా కలుస్తుందో చూద్దామని వంటింటి కిటికీలో పెట్టాను. “నీ మిల్లు కంపు నా వంటింట్ల వద్దు,” అని అత్త ఆ సీసాను తీసుకెళ్లి అద్దం దగ్గర, కొబ్బరినూనె పక్కన పెట్టింది.

ఆదివారం చర్చికి టైమవుతుంటే స్నానాలగదిలోంచి కేక.

“సారికా! జల్ది రా! నెత్తి మీదికెల్లి పాలు కారుతున్నయే!”

అద్దం దగ్గర చూస్తే శాంపిల్ సీసా సగం ఖాళీ. అబ్బ, ఎంత చక్కగా కలుస్తోంది, ఇదే కొనాలి అనుకున్నాను. మొగుడు గుర్తొచ్చింది ఆ తర్వాతే.

చెంబు మీద చెంబు పోసుకుంటున్నాడు. పోసినకొద్దీ పాలే. వేడినీళ్లకు ఆ నూనెలోని కొవ్వు వాసన వాకిలిదాకా కొట్టింది. “యేసయ్యా, నా కొడుక్కేమైంది!” అంటూనే అత్త ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుంది.

“నవ్వుతవేందే! ఇదెట్ల పోతదో చెప్పు!”

నీళ్లు ఆపి, పొడిగుడ్డతో తుడిచి, ఆ తర్వాత సబ్బు పెట్టాలి. నాకు తెలుసు. కానీ అంత తొందరగా చెప్పబుద్ధి కాలేదు.

“నాకేం తెలుస్తది? ఇన్‌చార్జిని అడగాలె.”

“ఎవరే గా ఇన్‌చార్జి? ఫోన్ చెయ్యి, దండం పెడ్త!”

“ఫోనెందుకు? రేపటిసంది నేనే. ముందుగాల నీళ్లు బందువెట్టు,” అని తలుపు సందులోంచి పొడిగుడ్డ అందించాను.