రెండో మెట్టు మీద బాల్చీ

ఒదెత్ మోకాళ్ళ మీద కూచుని ఈత కొలను గోడ నోట్లోంచి చెత్త పట్టే బుట్టను బయటికి లాగింది. పైన్ చెట్టు సూదులు, నానిపోయిన అంజీరు ఆకు, పిల్లి జుట్టో మనిషి జుట్టో తెలియని ఒక ముద్ద, ఒక చచ్చిన కందిరీగ. అన్నీ గడ్డి మీద దులిపింది. కందిరీగను మాత్రం రెండు వేళ్ళతో ఏరి, ఇంటాయన మొస్యూ వెర్దియే రోజూ చెప్పుల్లేకుండా వచ్చి కాళ్ళు తడుపుకునే రాయి మీద పెట్టింది. కందిరీగ చచ్చినా ముల్లు చావదు. ప్రతి గురువారం దొరకదు. దొరికిన గురువారం ఆమెకు మధ్యాహ్నం కాఫీ రెండింతలు రుచిగా ఉండేది.

లేచి నడుము పట్టుకుంది. మనిషి పొట్టి, భుజాలు మగాడి భుజాలు. క్లోరిన్ తగిలి తగిలి లాగు నీలిరంగు పోయి పాలవిరుగుడు రంగుకొచ్చింది. అరచేతులు ఎప్పుడూ పొక్కులు లేచి ఊడుతూ ఉంటాయి. మెడ వెనక చర్మం ఎండకి మాడి, కాల్చిన వంకాయలా ముడతలు పడింది. చీపురంత పొడుగు బ్రష్షుకి గొట్టం తగిలించి కొలను అడుగంతా నెమ్మదిగా తోమింది. గాజుగొట్టంలో నీళ్ళు పట్టి, రెండు చుక్కలు వేసి, రంగు చూసి, క్లోరిన్ బిళ్ళ ఒకటి తగ్గించింది. నీళ్ళలో ఆమె ఏనాడూ తప్పు చేయలేదు. వెర్దియే మీద ఎంత కసి ఉన్నా ఆ నీళ్ళ జోలికి పోలేదు. ఎందుకంటే ఆ నీళ్ళు వెర్దియేవి కావచ్చు గాని, వాటిని పట్టి నిలిపిన గోడలు ఇజిదోర్‌వి.

ఇజిదోర్ ఆమె మొగుడు, తాపీ మేస్త్రీ. ఈ కొండ మీద సగం కొలనులు అతని చేతి మీదే లేచాయి. ఇది ఆఖరిది.

ఇది కట్టిన వేసవిలో కరువొచ్చింది. తోటలకు నీళ్ళు పెట్టకూడదని మేయరు దండోరా వేయించాడు. ఊళ్ళో టమాటాలు తీగ మీదే ఎండిపోయాయి. మందుల కొట్టు వెర్దియే ఇంట్లో మాత్రం పచ్చిక పచ్చగా, నీలి పూల పొదలు గొడుగులంత విరగబూసి ఉన్నాయి. నీళ్ళ మీటరు గిర్రున తిరుగుతోందని మేయరు మనిషి వచ్చి అడిగితే వెర్దియే తడుముకోలేదు. కొత్త కొలను కారుతోంది, ఇజిదోర్ కట్టిన కొలను కదా, అన్నాడు. ఆ సాయంత్రం బార్‌లో మళ్ళీ అన్నాడు. ఊరందరికీ జ్వరాలకు మందిచ్చిన మనిషి మాట. ఎవరు కాదంటారు?

బార్ నడిపే తితిన్ నాలుక ఊరుకోదు. ఇజిదోర్‌కి జల్లెడ అని పేరు పెట్టేశాడు. ఇజిదోర్ లోపలికొస్తే చాలు, గ్లాసు పైకెత్తి అడుగు చూసుకునేవాళ్ళు. ఇజిదోర్ తన తాపీ బాల్చీ పట్టుకుని వెళ్ళి వెర్దియే కొలనులో రెండో మెట్టు మీద పెట్టాడు, పరీక్ష కోసం. బాల్చీలోనూ బయటా ఒకే మట్టానికి నీళ్ళు పోసి గీత గీస్తారు. ఎండా గాలీ రెండు నీళ్ళనీ ఒకేలా తాగుతాయి. మర్నాటికి కొలను నీరు బాల్చీ నీటికన్నా కిందికి దిగితే కొలను కారుతున్నట్టు. సమంగా ఉంటే లేనట్టు. ఆ కొండ మీద మెట్టెక్కిన బాల్చీ అంటే ఏమిటో పసిపిల్లలకీ తెలుసు. తెల్లారకముందే వెర్దియే ఆ బాల్చీని గేటు బయటికి గిరాటేశాడు. నా నీళ్ళలో సున్నపు బాల్చీలేమిటన్నాడు.

ఆ తర్వాత ఇజిదోర్‌ని ఎవరూ పనికి పిలవలేదు. బార్‌కి పోవడం మానేశాడు. ద్రాక్షతోటల్లో కొమ్మలు కత్తిరించే కూలికి పోయాడు. ఒక చలికాలం తోటలోనే కత్తెర చేత్తో పట్టుకుని కూలబడిపోయాడు. శవాన్ని మోస్తున్నప్పుడు కూడా వెనక ఎవడో జల్లెడ అని గొణగడం ఒదెత్ చెవిన పడింది. ఆ గొంతు తితిన్‌దే.

అప్పుడే ఆమె కొలనులు కడిగే పనిలోకి దిగింది. వెర్దియే ఇల్లు తనే వెళ్ళి అడిగి తీసుకుంది. పాపం మొగుడు పోయిన మనిషి అనుకుని వెర్దియే ఇచ్చాడు. మొదటి వారమే మోటారు గది వెనక మట్టిలో పాతిన గొట్టం ఆమె కంటబడింది. అది తిన్నగా నీలి పూల పొదల్లోకి పోయింది. చూసి మళ్ళీ మట్టి కప్పేసింది. జల్లెడ పెళ్ళాం చెప్తే ఎవడు నమ్ముతాడు? ఆ మాట అన్న నోటితోనే కాదనిపించాలి, అన్నచోటే, ఊరి ముందర. అదొక్కటే ఆమెకు కావాలి. దానికోసం గురువారం తర్వాత గురువారం ఆ రాళ్ళ మీద మోకాళ్ళు అరగదీసుకుంది.

ఇన్నాళ్ళకి ఇల్లు అమ్మకానికొచ్చింది. వెర్దియే గుండె బలహీనపడింది, మెట్లెక్కలేడు. లియోన్‌లో కూతురు దగ్గరికి పోవాలి. కొనడానికొచ్చిన బెల్జియం ఆవిడ గోదెలీవ్ మొదటిరోజు తితిన్ బార్‌లో కాఫీ తాగింది. తితిన్ ఊరుకుంటాడా? ఆ కొలను జల్లెడ మదాం, అని చెప్పి పంపాడు. ఆవిడ వచ్చి పరీక్ష చేయించమంది. నిన్న ఒదెత్ ఇజిదోర్ బాల్చీనే తెచ్చి రెండో మెట్టు మీద పెట్టి, నీళ్ళు పోసి, మైనపు పెన్సిలుతో లోపలా బయటా గీతలు గీసింది. నల్ల రబ్బరు బాల్చీ. అంచున ఇజిదోర్ నాటి సిమెంటు ఇంకా గడ్డకట్టుకుని ఉంది.

గోదెలీవ్ వచ్చేసరికి వెర్దియే పడక కుర్చీలో కూచుని ఉన్నాడు. పెదాలు నీలంగా, కాళ్ళు వాచి ఉన్నాయి. ఆవిడ మెట్టు దగ్గర వంగి చూసింది. లోపలి నీళ్ళూ బయటి నీళ్ళూ గీతకు గోరంత కింద సమంగా ఉన్నాయి.

చుక్క కారదని చెప్పానుగా మదాం, ఏనాడూ కారలేదు, అన్నాడు వెర్దియే. ఎంత తేలిగ్గా అన్నాడు! మంచినీళ్ళు అడిగినట్టు. ఒదెత్ బ్రష్షు నుంచి గొట్టం ఊడదీసింది. ఇజిదోర్ బతుకంతా ఎదురుచూసిన మాట ఇల్లు అమ్ముడుపోవడానికి పనికొచ్చింది.

గోదెలీవ్‌కి ఇంకా అనుమానం తీరలేదు. ఒక్కరోజు లెక్కేమిటి, ఊరంతా ఒక మాటంటే ఈయన ఇంకో మాటంటున్నాడు, ఇన్నేళ్ళుగా చూస్తున్నది మీరు కాబట్టి మీ మాట మీదే కొంటాను, అని ఒదెత్ వైపు తిరిగింది.

కారుతుందంటే చాలు. వెర్దియే తన అబద్ధంలో తనే మునుగుతాడు. ఇల్లు అమ్ముడుపోదు, లియోన్ లేదు, ఈ మెట్ల మీదే ఊపిరాడక పడి ఉంటాడు. కాని ఆ మాటతో ఇజిదోర్‌ని మళ్ళీ పూడ్చినట్టే, ఈసారి పెళ్ళాం చేత్తో. కారదంటే శత్రువుకి తనే దారి ఖర్చు ఇచ్చి సాగనంపినట్టు. ఒదెత్ గొట్టం మొత్తం చుట్టి, వాళ్ళ వైపు తిరిగింది.

"చెప్తాను మదాం. ముందు ఈయన్ని తితిన్ బార్‌కొచ్చి ఇదే మాట అనమనండి. అందరూ వినేట్టు. ఆ తర్వాత నేను చెప్తాను."

వెర్దియే ముఖం ఎర్రబడింది. "నన్ను బార్‌కి రమ్మంటావా, ఒదెత్? ఈ ఒంటితోనా?"

"ఆ మాట పుట్టింది అక్కడే కదండీ మొస్యూ. చచ్చినా అక్కడే చావాలి."

వెర్దియే నీళ్ళకేసి చూశాడు. బాల్చీని చూశాడు. అది ఏ బాల్చీయో అప్పుడే పోల్చుకున్నట్టున్నాడు. చివరికి, మధ్యాహ్నం గంట కొట్టేసరికి వస్తానన్నాడు.

బార్ కొండ దిగువన ఉంది. ఒదెత్ వాన్‌లో ముందు సీటు మీద ఉన్నవి చుట్టిన గొట్టాలు. వాటిని వెనక్కి పడేసి అతన్ని ఎక్కించుకోవడం ఎంతసేపు? పడేయలేదు. నడిచి రానీ, ఇజిదోర్ బాల్చీ మోసుకుంటూ నడిచిన దారేగా, అనుకుంది. బట్టలు మార్చుకుని తనే వస్తానని వెర్దియే అనడంతో గోదెలీవ్ తన కారులో వెనకే వచ్చింది.

తితిన్ బార్‌లో పేకాట సాగుతోంది. సోంపు సారా వాసన, వేయించిన చేపల వాసన. మొస్యూ వెర్దియే వస్తున్నాడు, మీ అందరికీ ఒక మాట చెప్పాలట, అని ఒదెత్ తితిన్‌తో అంది. పేకాట ఆగింది. చావుబతుకుల్లో ఉన్న మనిషి కొండ దిగి రావడమేమిటని అందరూ తలుపు వైపే చూశారు. ఆమె నడుము నిటారుగా పెట్టుకుని కూచుంది. మొగుడు పోయాక ఆ బార్‌లో కూచోవడం అదే మొదలు.

చర్చి గంట కొట్టింది. ఎవరూ రాలేదు. రొట్టెలబండి వచ్చి వెళ్ళింది. ఎవరూ రాలేదు. గోదెలీవ్ చేపలు తెప్పించుకుని తినేసింది కూడా. తితిన్ నిమ్మనీళ్ళ గ్లాసు ఒదెత్ ముందు పెట్టి, వంగి దాని అడుగు చూశాడు.

"పరవాలేదులే ఒదెత్, కారట్లేదు. ఇది మీ ఆయన చేసింది కాదు."

నవ్వారు. అందరూ కాదు, చాలామంది. ఒదెత్ చెవులు వేడెక్కాయి. ఇన్నేళ్ళ ఓపిక ఆ నవ్వుతో తెగిపోయింది. పిరికిపీనుగ! మాటిచ్చి ఇంట్లో కూచున్నాడు. సరే, కారుతుందనే చెప్తాను, ఆయనే అన్నాడుగా, ఊరంతా సాక్షి. ఎలకల మీద కోపంతో ఇల్లు తగలబెట్టుకోవడమే అది. తగలబడనీ అనుకుంది. గ్లాసు ముట్టకుండా లేచి, రండి మదాం, జవాబు ఆయన ముఖం మీదే చెప్తాను, అంది.

కొండ మీద ఇంటి తలుపు తీసే ఉంది. వాకిలి లోపల బల్ల మీద వెర్దియే కూచుని ఉన్నాడు. తెల్ల చొక్కా, టై, గడ్డం కొత్తగా గీసుకున్న బుగ్గలు. టోపీ పక్కన ఉంది. కుడి కాలికి బూటు తొడిగి లేసు ముడేసి ఉంది. ఎడమ బూటు ఒళ్ళో ఉంది, వేళ్ళు ఇంకా దాని నాలుకను పట్టుకుని ఉన్నాయి. తల గోడకి వాలిపోయింది. గోదెలీవ్ అతని మణికట్టు పట్టుకు చూసి, తల అడ్డంగా ఊపి, డాక్టరుకి ఫోన్ చేయడానికి బయటికి నడిచింది.

ఒదెత్ అతని ఎదురుగా నిలబడింది. ఏడుపు రాలేదు, జాలీ రాలేదు. పళ్ళు నూరుకుంది. బూట్లకి పాలిష్ పెట్టి ఉంది. వద్దామనే బయల్దేరాడు. అది ఒప్పుకోవడం ఆమెకు అన్నిటికన్నా కష్టమైంది. వాన్‌లో గొట్టాలు గుర్తొచ్చాయి. గుర్తొచ్చినందుకు ఇంకా మండిపోయింది. బతికున్నన్నాళ్ళూ మీరు, మొస్యూ అన్న మనిషిని మొదటిసారి ఏకవచనంతో పిలిచింది.

"ఇంకో అరగంట ఆగలేకపోయావా? మా ఆయన మాటని నోట్లో పెట్టుకునే పోయావు. ఒక్క మాట. దాన్నీ దాచుకున్నావు."

బయట కొలను మోటారు గుయ్యిమంటోంది.

మరి కాసేపట్లో ఊరంతా వస్తుంది. ఆ కొండ మీద ఎవరు పోయినా బార్ మూసి, పేకముక్కలు బోర్లించి, టోపీలు చేత్తో పట్టుకుని అందరూ వస్తారు. శవం దగ్గర వంతులవారీగా కూచుంటారు. గేటు నుంచి వాకిలికి ఉన్నది ఒకటే దారి, కొలను అంచు మీదుగా. ఒదెత్ ఆ దారి కేసి చూసింది. నెమ్మదిగా ఆమె పళ్ళ బిగువు సడలింది.

వెళ్ళి మోటారు ఆపింది. నీళ్ళు కదలడం మానాయి. వల కర్రతో పైన తేలే సూదుల్ని ఒక్కటీ మిగలకుండా తీసింది, మెట్ల దగ్గర మరీ శుభ్రంగా. రాయి మీద కందిరీగను గోటితో గడ్డిలోకి ఎగరగొట్టింది. ఇకమీద ఆ దారిన నడిచేవాళ్ళు వేరు. కర్ర, వల, బ్రష్షు, గాజుగొట్టాల పెట్టె ఒక్కొక్కటే వాన్‌లో పెట్టింది. గోదెలీవ్ సాయం చేయబోయి బాల్చీ పిడి పట్టుకుంది.

"దాన్ని ఉండనివ్వండి మదాం."

"పోగొట్టుకుంటారేమో?"

"పోదు. కారుతుందా అని అడిగారుగా? మీకు జవాబు అదే. వచ్చేవాళ్ళకీ అదే."

గేటు దగ్గర వాన్ మలుపు తిప్పుతుంటే జనం ఎదురయ్యారు. అందరికన్నా ముందు తితిన్, నల్ల కోటు గుండీలు పెట్టుకుంటూ. ఒదెత్ పక్కకి తప్పుకుని దారిచ్చింది. అద్దంలోంచి చూసింది. తితిన్ కొలను అంచు మీద నాలుగడుగులు వేసి ఆగిపోయాడు. వెనకవాళ్ళు అతని వీపుకి తగిలి ఆగారు. ఒకడు వంగాడు, ఇంకొకడు వంగాడు. తితిన్ చేతిలో టోపీ మెల్లగా తిరుగుతోంది. ఒదెత్ అద్దం మీంచి కళ్ళు తిప్పి గేరు వేసింది.

వాన్ చప్పుడు కొండ దిగిపోయాక కూడా వాళ్ళు అక్కడే నిలబడ్డారు, రెండో మెట్టు మీద అంచున పాత సిమెంటు గడ్డకట్టిన నల్ల బాల్చీ ముందు, లోపలి నీళ్ళూ బయటి నీళ్ళూ గీతకు గోరంత కింద ఒకే మట్టాన నిలిచి ఉన్న బాల్చీ ముందు.