ఎవరి వంతుకూ రాని గుంజలు

మా ఊళ్లో పాట నచ్చితే ఎవరూ చప్పట్లు కొట్టరు, కాళ్లతో బల్లలు దడదడలాడిస్తారు. ఆరుబయటి పాటల వేదిక మూతపడ్డాక ఆ చప్పుడు మళ్లీ విన్నది, దాన్ని తిరిగి తెరిచిన ఆ సాయంత్రమే. విని నా పై ప్రాణాలు పైనే పోయాయి.

ఊరంతా పూనుకుని బాగుచేసుకున్న వేదిక అది. ఎదురుగా మెట్లు మెట్లుగా ఉండే చెక్క వరసలను ఇంటికొకటి పంచుకున్నాం. ఎవరి తాతలు కూర్చున్న వరస వాళ్లది. ఒకరిని మించి ఒకరు మందపాటి బల్లలు తెచ్చి బిగించారు. మా అన్నయ్య వడ్రంగి కదా, అందరికంటే బరువైనవి మావే! అడుగున వాటన్నిటినీ మోసే పాత గుంజలు మాత్రం ఎవరి వంతుకూ రాలేదు. ఎవరూ వంగి చూడలేదు.

దర్జీదాన్ని, తెరకు ఊడిన కుట్టు వేద్దామని సూదీ దారం పట్టుకుని వరసల కింది దారిన పోతున్నాను. పైన కాళ్లు దడదడలాడినప్పుడల్లా ఒక గుంజ నిలువునా చీలుతోంది. సరిగ్గా దాని పైన, చిట్టచివరి వరసలో మా అమ్మ కూర్చుంది. అమ్మకు చెవులు వినపడవు. బల్ల అదిరితే పాట తెలుస్తుందని చెప్పులు విప్పి మరీ కూర్చుంది.

"అన్నయ్యా, ఇలా రా! గుంజ విరుగుతోంది!" అని వరసల పక్కన నిలబడ్డ అన్నయ్యను పిలిచాను.

"మెల్లగా అనవే తల్లీ! అరిచావంటే తొక్కిసలాటే." వాడి ముఖంలో నెత్తురు చుక్క లేదు. వచ్చి గుంజకు భుజం ఆనించాడు.

"పెద్ద మొనగాడివి! నువ్వు ఆపుతావా దీన్ని?" అని కసిరాను. ఏడుపొచ్చింది.

వేదిక మీదికి పరుగెత్తి, పాడుతున్న బడి పంతులమ్మ చెవిలో చెప్పాను. ఆమె గొంతు తడబడింది. ఆ వెంటనే జోలపాట ఎత్తుకుంది. జోలపాటకు ఎవరు బల్లలు దడదడలాడిస్తారు? "నా దగ్గరికి రండమ్మా, పాప లేవకుండా, కింది వరస ముందు," అని పాటలోనే పిలిచింది. జనం నవ్వుకుంటూ, మునివేళ్ల మీద దిగారు.

పైన అమ్మ ఒక్కతే మిగిలింది. దిగమని చెయ్యి ఊపితే తనూ ఊపింది! ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని ఎక్కాను. అడుగడుగునా కింద కిర్రుమంటోంది.

"నా వరసలోంచి నన్ను లేపుతావేంటే? ఎవరూ బల్లలు దడదడలాడించట్లేదు, పాట బాగోలేదా?" అని మొండికేసింది.

చంకల్లో చేతులేసి, దాదాపు మోసుకుంటూ దించాను. మేము గడ్డి మీదికి దాటాక అన్నయ్య గుంజ వదిలి బయటికి దూకాడు. మా వెనక వరసలన్నీ ఒకదాని మీద ఒకటి కూలాయి. నేల దడదడలాడింది.

అటు వీపు పెట్టి నిలబడ్డ అమ్మ ముఖం వెలిగిపోయింది.

"చూశావా, ఎంత నచ్చిందో జనానికి!" అంది.

ఆమెను వెనక్కి తిప్పడానికి నాకు ధైర్యం చాల్లేదు.