మొహమాటపు కణాలు

పొద్దున్నే ప్రయోగశాల తలుపు తీయగానే సాలీడు చేసే మొదటి పని చెవుల్లో దూది పెట్టుకోవడం. ఆమె అసలు పేరు అక్కడ ఎవరికీ గుర్తులేదు. గోడ నిండా సున్నాలు గీసి, వాటిని బాణాలతో కలిపి, ఒంట్లో ఏది కదిలితే ఏది కదులుతుందో చూపించే పటం గీస్తూ ఉంటుంది గనక సాలీడు అయింది. ఇక దూది దేనికంటే, గాజు పళ్ళేల్లో పెంచే కణాలు పొద్దున పూట తెగ మాట్లాడతాయి. కొత్తగా పనిలో చేరినవాళ్ళకి తాళంచెవితో పాటు దూది ఉండలు కూడా ఇవ్వడం అక్కడి మామూలు.

కాలేయం కణాలు చాకిరీ ఎక్కువైందని సణుగుతాయి. పేగు కణాలకి ఎవరేం తిన్నారో ఆరా కావాలి. గుండె కణాలు మాట్లాడవు, దరువు వేస్తాయి. రెండు రకాల పళ్ళేలు ఒకచోట చేరాయంటే ఇక సంతే. అందుకని ఏ అవయవం కణాలు ఆ గదిలోనే ఉండాలని, తలుపులు వేసే ఉంచాలని ప్రయోగశాల పెద్ద నియమం పెట్టాడు. ఆయన్ని అందరూ చాటుగా నిశ్శబ్దంగారు అంటారు. మనిషి వెన్న, కానీ ఎవరైనా గట్టిగా తుమ్మితే నొచ్చుకుంటాడు.

సాలీడు అత్తగారు దర్జీ. ఆవిడ కుట్టిన కోటు తొడుక్కుంటే గూని కూడా కనబడదని పేరు. అలాంటి చేతులు ఏడాదిగా తిమ్మిరెక్కి, సూది పట్టుకున్నా పట్టుకున్నట్టు తెలియడం లేదు. పేగుల డాక్టరు పేగులు భేషన్నాడు. కాలేయం డాక్టరు కాలేయానికి ఢోకా లేదన్నాడు. నరాల డాక్టరు మాత్రం కాసేపు నసిగి, సోమవారం నుంచి ఒక ఘాటు మందు మొదలుపెడదామన్నాడు. దానితో జబ్బు ముదరదు గానీ, వేళ్ళలో మిగిలిన ఆ కాస్త స్పర్శ కూడా పోతుంది. పోయింది మళ్ళీ రాదు.

"అన్నీ బాగానే ఉన్నాయట అమ్మాయ్. నేనొక్కదాన్నే బాగాలేను," అని నవ్వింది అత్తగారు.

పరీక్షలకని ఆవిడ ఒంట్లోంచి తీసిన ముక్కలు కోడలు పనిచేసే చోటికే వచ్చాయి. సాలీడు దూది తీసేసి గది గదికీ తిరిగింది.

"ఎలా ఉన్నారు?" అని అడిగింది కాలేయం పళ్ళేన్ని.

"బాగున్నాం. మాకేం లోటు?" అన్నాయి కణాలు, అచ్చం అత్తగారి గొంతుతో.

పేగులూ అదే మాట. నరాలూ అదే మాట. గోడ మీద పటంలో ఎక్కడా తప్పు దొరకలేదు, సాలీడుకి నిద్ర మాత్రం కరువైంది. శుక్రవారం మధ్యాహ్నం ఉన్నట్టుండి బుద్ధికి తట్టింది. ఒక్కొక్కరినీ విడిగా పిలిచి అడిగితే లోకంలో ఎవరు బాగాలేమంటారు? ఇంట్లో ఎవరికి వడ్డన చాలలేదో తెలియాలంటే అందరూ ఒక బల్ల చుట్టూ కూర్చోవాలి.

ఆమె అత్తగారి పళ్ళేలన్నిటినీ తన బల్ల మీదికి తెచ్చింది. సన్నని గొట్టాలతో వాటిని కలిపి, ఒకే ద్రవం అన్నిటిలోంచీ పారేలా చేసింది.

నిశ్శబ్దంగారు పరుగున వచ్చాడు. "ఏంటమ్మా ఇది? చెవులు చిల్లులు పడవూ!"

"ఒక్క నిమిషం సార్. మా అత్తయ్యవి."

ద్రవం ఒక చుట్టు తిరిగేసరికి నరాల కణాలు మెల్లగా, "ఏమనుకోకపోతే, బి12 విటమిన్ కాస్త ఏమైనా ఉందా?" అన్నాయి.

"అయ్యో, మీకు చాలడం లేదా?" అన్నాయి పేగు కణాలు. "కాలేయంలో నిండుగా నిల్వ ఉందంటేనే కదా మేము పీల్చుకోవడం తగ్గించుకున్నాం!"

కాలేయం గొంతు చిన్నబోయింది. "నిల్వ ఎప్పుడో అడుగంటింది. చెబితే మీకు శ్రమ అని ఉందంటూ వచ్చాం."

"మీకు బరువెందుకని మేము మా పైపొరే కొంచెం కొంచెం కరిగించుకుని సర్దుకుంటున్నాం," అన్నాయి నరాలు.

నిశ్శబ్దంగారు రెండు చెవుల్లోంచీ దూది పీకి జేబులో వేసుకున్నాడు. తనే ఫోన్ చేసి నరాల డాక్టరునీ, అత్తగారినీ పిలిపించాడు.

అత్తగారు కుర్చీలో కూర్చుని మొత్తం విన్నది. ముందు నోరు తెరిచింది, తర్వాత పడీ పడీ నవ్వింది. "మొహమాటానికి పోతే కడుపైందన్నట్టుంది మీ సంబడం! ఒకరికొకరు చెప్పుకోవద్దుటే? మీ మర్యాదలు కాల్చా, నా చేతులు పోయేవి కదే!"

కణాలు సిగ్గుపడి పళ్ళేల అంచులకి ఒదిగాయి. డాక్టరు రక్తం తీసి సరిచూసుకుని, సోమవారం మందు కొట్టేశాడు. దానికి బదులు ఆ విటమిన్‌నే సూదిమందుగా రాశాడు. నరాల పైపొర మళ్ళీ అల్లుకుంటుందని, నెలలు పట్టినా చేతులు తిరిగొస్తాయని చెప్పాడు. నిశ్శబ్దంగారు అప్పటికే గదుల తలుపులు ఒక్కొక్కటే బార్లా తెరుస్తున్నాడు.

అత్తాకోడళ్ళు బస్ స్టాపుకి నడిచారు. దారిలో అత్తగారు, "నువ్వెలా ఉన్నావమ్మాయ్?" అంది.

"నాకేం అత్తయ్యా, బాగానే ఉన్నాను."

అత్తగారు టక్కున ఆగింది. "ఇందాక నా కాలేయం కూడా సరిగ్గా ఇలాగే అంది."

సాలీడు నవ్వబోయింది. నవ్వు రాలేదు, ఏడుపొచ్చింది. "సోమవారం దగ్గరపడే కొద్దీ నాకు కాళ్ళూ చేతులూ ఆడలేదత్తయ్యా. ఒంటరిగా బాత్రూమ్‌లో కూర్చుని ఏడ్చాను. మీ ముందు ఏడిస్తే మీ ధైర్యం జారిపోతుందని."

"నేనూ ఏడ్చాను, కుట్టు మిషన్ చప్పుడులో," అంది అత్తగారు. "నువ్వు బెంగపెట్టుకుంటావని చెప్పలేదు."

ఇద్దరూ స్టాపులో బెంచీ మీద కూర్చున్నారు. కోడలు అత్తగారి చేతిని తన ఒళ్ళోకి తీసుకుంది. పట్టు తెలిసిందో లేదో గానీ ఆవిడ చెయ్యి వెనక్కి తీసుకోలేదు. బస్సు వచ్చి ఆగి వెళ్ళిపోయింది. వాళ్ళు ఎక్కలేదు, చెప్పుకోవాల్సినవి ఇంకా చాలా ఉన్నాయి.