నడక ఆటలో ఒక్క పరుగు

మా బావ, నేను ఆరేళ్లుగా మాట్లాడుకోవడం లేదు. అయినా ప్రతి ఆదివారం పొద్దున్నే ఒకే జట్టులో ఫుట్‌బాల్ ఆడతాం. ఈ ఘనకార్యం మా అక్కది. అరవై దాటినవాళ్లకు నడక ఫుట్‌బాల్ అని క్లినిక్ గోడ మీద కాగితం చూసి, మా ఇద్దరి పేర్లూ రాయించి, ఒకరి సంగతి ఒకరికి చెప్పకుండా దాచింది. మొదటిరోజు మైదానంలో బావను చూడగానే వెనక్కి తిరిగేవాణ్ణే. కానీ అప్పటికే కొత్త బూట్లు కొనేశాను.

గొడవ ఒక కోటు దగ్గర వచ్చింది. బావ దర్జీ. మెడలో టేపు ఉంటుంది గానీ అది అలంకారానికే, కంటిచూపుతోనే కొలత పట్టేస్తానని ఆయన ధీమా. బస్సు డ్రైవరుగా నేను రిటైరయిన రోజున వేసుకోమని, టేపు పట్టకుండా అలాగే ఓ కోటు కుట్టి ఇచ్చాడు. సభలో అందరికీ చెయ్యి ఊపబోతే కోటు చేతులు మోచేతిదాకా ఎగబాకాయి. నేను ఊరుకోవచ్చు కదా! మైకు పట్టుకుని, "మా బావ కుట్టాడు. మిగతా చేతులు వచ్చే నెల ఇస్తాడట" అన్నాను. హాలంతా గొల్లుమంది. బావ లేచి వెళ్లిపోయాడు. తప్పు నాదేనని నాకు ఆ క్షణమే తెలుసు. చెప్పడానికి మాత్రం నోరు పెగల్లేదు.

కిందటేడు ఆయనకు గుండెనొప్పి వచ్చింది. ఆసుపత్రి గేటు దాకా వెళ్లి, ఏమని పలకరించాలో తోచక తిరిగొచ్చేశాను. ఆ సిగ్గు నన్ను వదల్లేదు. ఎలాగైనా ఆయనతో మాట కలపాలని ప్రతి ఆదివారం అనుకునేవాణ్ణి.

మా ఆటలో పెద్ద రూలు ఒకటే, పరిగెత్తకూడదు. ఎప్పుడూ ఒక పాదం నేల మీద ఉండాలి. రెఫరీ రిటైరయిన హెడ్ నర్సు. ముప్పై ఏళ్లు వార్డుల్లో "పరిగెత్తకండి" అని అరిచిన గొంతు ఆవిడది. ఆవిడ విజిల్ అంటే అందరికీ హడలే. మొదటివారమే బావను టేపు తీసేయమంది. ఆయన సరేనని దాన్ని జెర్సీ లోపలికి తోసుకున్నాడు.

బావ, నేను ఇద్దరం గోలు ముందు కాపలా. మాటల్లేకుండా ఆడేదెలా? మా గోల్‌కీపర్ లెక్కల మాస్టారు మధ్యవర్తి.

"మాస్టారూ, బంతి ఎడమవైపు ఇమ్మని ఆయనకు చెప్పండి" అనేవాణ్ణి.

"ఎడమవైపు ఇమ్మంటున్నాడండీ."

"నాకూ కళ్లున్నాయని చెప్పండి మాస్టారూ" అనేవాడు బావ.

ఈలోగా బంతి ఎదుటివాళ్ల కాళ్ల దగ్గరికి చేరేది. మా మీద పడ్డ గోల్స్ లెక్కపెట్టడం మాస్టారే మానేశాడు.

ఆ ఆదివారం పోస్టాఫీసు రిటైర్డు జట్టుతో ఆట. చివరి నిమిషం దాకా ఎవరికీ గోలు లేదు. మాకు అదే గొప్ప. అంతలో బంతి మా వైపు వచ్చింది. అడ్డం వెళ్లబోయిన బావ కాలు జారి చతికిలబడ్డాడు. చెయ్యి గుండె మీదికి పోయింది.

నాకు ఇంకేమీ కనబడలేదు. "బావా!" అని అరుస్తూ పరిగెత్తాను. వెనక విజిల్ చెవులు చిల్లులు పడేలా మోగింది.

"నొప్పా బావా? ఎక్కడ? మాట్లాడు!"

బావ జెర్సీలోంచి చెయ్యి బయటికి తీశాడు. చేతిలో టేపు. జారిపోతుంటే లోపలికి సర్దుకుంటున్నాడట. నన్ను ఎగాదిగా చూశాడు. ఆరేళ్ల తర్వాత నోరు విప్పాడు.

"సిగ్గు లేదురా నీకు? నేను ఆసుపత్రిలో పడుంటే నడిచైనా రాలేదు. పరిగెత్తకూడని చోట పరిగెత్తుకొస్తావా?"

"గేటు దాకా వచ్చాను బావా."

"తెలుసు. మీ అక్క కిటికీలోంచి చూసింది. ఆ రోజంతా తలుపు వైపే చూస్తూ పడుకున్నా."

నాకు ఏడుపొచ్చింది. "తప్పయిపోయింది బావా. ఆసుపత్రి దగ్గరా, మైకు దగ్గరా, రెండుచోట్లా."

"పెనాల్టీ!" అంది రెఫరీ, మా నెత్తిన నిలబడి.

"మనిషి పడిపోతే కూడానా సిస్టర్?" అన్నాడు మాస్టారు.

"పడిపోయినవాళ్ల దగ్గరికి నడిచే వెళ్లాలి. ముప్పై ఏళ్లు నేను అలాగే వెళ్లాను."

బావను మైదానం గీత అవతల కూర్చోబెట్టాం. గోలు పడింది, ఓడిపోయాం. పోస్టాఫీసు వాళ్లు గంతులెయ్యబోయి, రెఫరీని చూసి బుద్ధిగా చేతులు కలుపుకున్నారు.

లేవడానికి బావకు చెయ్యి అందించాను. లేచాడు గానీ నా చెయ్యి వదల్లేదు. టేపు తీసి, అందరూ చూస్తుండగా, నా భుజం నుంచి మణికట్టు దాకా పట్టాడు. కళ్లద్దాలు లేక, ఎంతుందో చూడమని మాస్టారికి చూపించాడు.

"ఇరవై అయిదున్నర అంగుళాలు" అన్నాడు మాస్టారు.

బావ టేపు మెల్లగా చుట్టుకుంటూ నేల చూపులు చూశాడు.

"అప్పుడు నేను ఇరవై మూడనుకున్నాన్రా" అన్నాడు.