మునీంద్ర కోసం తిరిగిన సందు

పొద్దున్నే మునీంద్ర లేవడం ఒక్కడి వల్ల అయ్యే పని కాదు. భార్య సుమ అతన్ని పక్కకు దొర్లించి, రెండు చేతులూ పట్టి కూర్చోబెట్టేది. వీపున వేడినీళ్ళు పోసేది. గోడకు ఆనించి నిలబెట్టి, "ఇంకొంచెం, ఇంకొంచెం" అనేది. వీపు వంగిపోయి అతని తల గోడకు తగలడం ఏనాడో మానేసింది. పది గంటలకు ఒళ్ళు కాస్త వదులయ్యాక, బళేపేటలో పాపయ్య గాజుల అంగడికి పనికి పోయేవాడు.

నొప్పి ఇరవై రెండేళ్ళప్పుడు మొదలైంది. మూటలు మోసినందుకని కొన్నాళ్ళు, వాతమని కొన్నాళ్ళు నూనెలు పూశారు. పంతొమ్మిది వందల తొంభై ఏడులో గాని అసలు సంగతి తెలియలేదు.

"చూడప్పా," అన్నాడు డాక్టరు ఎక్స్‌రే చూపిస్తూ. "ఒంటిని కాపాడాల్సిన శక్తే నీ కీళ్ళను కొడతా ఉండాది. వాచి వాచి వెన్నుపూసలు ఒకదానికొకటి అతుక్కుంటా ఉండాయి. పడుకుంటే బిగుస్తాది, కదిలితే వదుల్తాది. బీడీ మానాల. రోజూ కసరత్తు చెయ్యాల."

"చేస్తే పోతాదా సార్?"

"పోదు. నిదానమైతాది."

నిదానంగానే అయినా నడుం వంగింది. మెడ పూర్తిగా బిగుసుకున్న ఏడాది, బళేపేటలో ఆ అంగడి ఉన్న సందు తిరగడం మొదలైంది. వెనక ఉన్నవాళ్ళను మునీంద్ర చూడాలనుకుంటే చాలు, అతను నిలుచున్న చోటు తప్ప సందంతా మెల్లగా తిరిగి వాళ్ళను ఎదుటికి తెచ్చేది. అంగళ్ళవాళ్ళు గాజుల పెట్టెలు పట్టుకునేవాళ్ళు. సందు ఆగాక మళ్ళీ బేరాల్లో పడేవాళ్ళు.

ఒక మధ్యాహ్నం సుమ సంచి పట్టుకుని అంగడి ముందు నిలుచున్న మునీంద్ర దగ్గరికొచ్చింది.

"మా అమ్మోళ్ళింటికి పోతా ఉండా."

"ఎన్నాళ్ళకు?"

అతనికి ఆమె పాదాలే కనిపిస్తున్నాయి.

"అన్నం తిన్నాకే మాత్రలు వేసుకోండి," అంది చివరికి. "పొద్దున వచ్చి లేపమని పక్కింటి నాగప్పన్నకు చెప్పినా."

"సరే."

"ఉండమని ఒక్క మాట అనరా?"

"ఉంటే నీకేముంది సుమా? రేపు పొద్దున నన్ను లేపడమే కదా."

ఆమె అతన్ని దాటుకుని అతని వెనకవైపుకు నడిచింది. ఒక్కసారి ఆమె ముఖం చూడాలనిపించింది మునీంద్రకు. సందు కదిలింది. గాజులు గలగలమన్నాయి. సుమ ఎంత నడుస్తున్నా అతని వైపుకే వస్తోంది. ఆమె ఏడుపు దగ్గరైంది.

మునీంద్ర కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. చూడను, అనుకున్నాడు. చూడను.

సందు ఆగింది. తర్వాత మెల్లగా వెనక్కి మళ్ళింది. ఆమె అడుగులు మలుపు దాకా వినబడి, జనం చప్పుడులో కలిసిపోయాయి.

"కూర్చో మునీంద్రా," అన్నాడు పాపయ్య.

సుమ బస్సెక్కి, ఆ బస్సు ఊరు దాటేదాకా అతను కళ్ళు తెరవలేదు.