డకోటా కింద రాసమ్మ

ఆ ఆదివారం మామ్మను వెంటబెట్టుకుని వెళ్ళడం మోహనప్రియకు బొత్తిగా ఇష్టం లేదు. అమ్మ ఇందిర ఆస్పత్రిలో ఉన్న తన చెల్లెలిని చూడ్డానికి పోయింది. ఎనభైకి దగ్గరపడ్డ మనిషిని హుటాన్ మెలింటాంగ్ ఊళ్ళోని ఇంట్లో ఒంటరిగా వదల్లేక, కారు ముందుసీట్లో కూర్చోబెట్టి, ఒళ్ళో నాసి లెమాక్ కొబ్బరన్నం పొట్లం పెట్టి బయల్దేరింది. పాత విమానాలు చూడ్డానికి పోతున్నామని చెబితే రాసమ్మ మలాయ్ వాళ్ళ తీరులో "అలాగే లా" అని కళ్ళు మూసుకుంది.

మోహనప్రియది పోర్ట్ క్లాంగ్ రేవులో ఒక గోదాములో ఉద్యోగం. వారం పొడుగునా అక్కడే మకాం; కంటైనర్లు, లారీలు, డ్రైవర్ల కేకలు. ఎక్కడైనా పాత యుద్ధవిమానం ఎగురుతోందని తెలిస్తే చాలు, కెమెరా భుజాన వేసుకుని వాలిపోయేది. ప్రొపెల్లర్ విమానాన్ని ఫొటో తీయడంలో ఒక కిటుకుంది. షట్టర్ వేగం ఎక్కువ పెడితే ప్రొపెల్లర్ ఆకులు బిగుసుకుపోయి, విమానం దండేనికి వేలాడదీసిన బొమ్మలా పడుతుంది. వేగం తగ్గించి, విమానంతో పాటే నడుము తిప్పుతూ, ఊపిరి బిగబట్టి నొక్కాలి. వందలో నాలుగు కుదిరితే గొప్ప. ఆ నాలుగింటి కోసం రోజంతా ఎండలో నిలబడ్డా ఆమెకు విసుగు పుట్టేది కాదు.

ఫ్లయింగ్ క్లబ్బు వాళ్ళ మైదానం చిన్నదే. ఒక రన్‌వే, రెండు రేకుల షెడ్లు, జనం దాటకుండా కట్టిన తాడు. అవతల పామాయిల్ తోటలు. ఎక్కడో అడవులు తగలబడుతున్న పొగ నాలుగు రోజులుగా ఆకాశాన్ని కమ్మి, సూర్యుణ్ణి మాసిన రాగిబిళ్ళలా చేసింది. మామ్మను షామియానా కింద కుర్చీలో కూర్చోబెట్టి, మోహనప్రియ తాడు దగ్గరికి పోయింది. శివనేశన్ అప్పటికే ఆమెకు చోటు ఆపి ఉంచాడు. ఈపో ఊరి తమిళుడతను, ఆరేళ్ళుగా ప్రతి ప్రదర్శనలోనూ ఆమె పక్కనే నిలబడే స్నేహితుడు.

ముందు పసుపుపచ్చ హార్వర్డ్ విమానం చెవులు చిల్లులు పడేలా రెండు గిరికీలు కొట్టి దిగింది. తరవాత డకోటా లేచింది. అందరూ వచ్చింది దానికోసమే. పొట్ట కింద నాలుగు పెద్ద లౌడ్‌స్పీకర్లు బిగించి ఉన్నాయి. డెబ్బై ఏళ్ళ కిందట, కమ్యూనిస్టుల వేట రోజుల్లో, ఇలాంటి విమానాలు అడవుల మీద తిరుగుతూ లోపల దాక్కున్న వాళ్ళను లొంగిపొమ్మని పిలిచేవని మైకులో ఒకాయన వివరించాడు. ఇవాళ మనల్ని పిలుస్తుంది, అందరూ చేతులూపండి అన్నాడు.

మోహనప్రియ చెవి పెట్టలేదు. ఆ మసక వెలుతురులో వెండి రెక్క ఎలా పడుతుందా అన్నదే ఆమె ధ్యాస. విమానం తోటల మీదుగా వంగి, బాగా కిందికి వచ్చింది. స్పీకర్లలోంచి ఒక మగ గొంతు మలాయ్‌లో సరదాగా సాగదీస్తూ పలికింది: బయటికి రండి, భయపడకండి, మిమ్మల్ని ఎవరూ ఏమీ చెయ్యరు. జనం నవ్వుతూ చేతులూపారు. మోహనప్రియ నడుము తిప్పుతూ నొక్కుతూనే ఉంది. విమానం వెంట కిందికి జారిన లెన్సులోకి పూల సారోంగ్ లుంగీలా చుట్టుకున్న ఒక ముసలామె వచ్చింది. తాడు దాటి, గడ్డిలో, రెండు చేతులూ పైకెత్తి నిలబడి ఉంది. చుట్టూ షట్టర్లు టకటకలాడాయి. మోహనప్రియ వేలు కూడా అలవాటుకొద్దీ ఆగలేదు. ఆ మనిషి తన మామ్మేనని తెలిశాక కూడా రెండుసార్లు నొక్కింది.

కెమెరా వదిలేసి పరుగెత్తేసరికి కాపలావాడు మామ్మ భుజం పట్టుకున్నాడు. ఇంజను మోత కింద మామ్మ గొంతు దగ్గరికి పోతేగాని వినిపించలేదు.

"రాకు అన్నియ్యా. రాకు. ఆల్లు సంపేస్తారు."

కారులో ఏసీ వేసి నీళ్ళు తాగించింది. రాసమ్మ ఎవరినీ చూడకుండా, అద్దంలోంచి గడ్డి కేసి చూస్తూ చెప్పింది. ఆమెకు ఒక అన్న ఉన్నాడన్న సంగతే మోహనప్రియ ఎన్నడూ విని ఉండలేదు.

అతని పేరు అప్పడు. కూలీల యూనియన్ వాళ్ళను పట్టుకుపోతున్న రోజుల్లో రబ్బరు ఎస్టేటు వదిలి అడవిలోకి పోయాడు. విమానాలు కాగితాలు చల్లాయి, తమిళంలో, చైనా భాషలో పిలిచాయి. అప్పడు రాలేదు. చివరికి ఒక తెల్లదొర, ఎస్టేటు గుమాస్తాను వెంటేసుకుని, వాళ్ళ ఇంటికి వచ్చాడు. మాటలు పట్టుకునే, చక్రాలు తిరిగే పెట్టె ఒకటి బల్లమీద పెట్టి, తల్లిని మాట్లాడమన్నాడు. తల్లి పెదాలు బిగించి గోడ కేసి తిరిగింది. అప్పుడు దొర తొమ్మిదేళ్ళ రాసమ్మను దగ్గరికి పిలిచాడు. ఒక పాలడబ్బా ఇచ్చాడు. మాటలు గుమాస్తా నేర్పాడు. తెలుగులో, చెల్లెలి గొంతుతో పిలిస్తే అప్పడు నమ్ముతాడని వాళ్ళకు తెలుసు.

"అన్నియ్యా వచ్చీ, నిన్నేటీ సెయ్యరు అన్నాను," అంది రాసమ్మ. "ఆల్లు సెప్పమన్నారు. అన్నది నానే."

ఆ గొంతుతో విమానం అడవి మీద తిరిగిన మూడో రోజు తెల్లారగట్ల అప్పడు రబ్బరు తోట అంచున చేతులెత్తి బయటికి వచ్చాడు. ఎదురుగా కాపు కాసిన వాళ్ళు కాల్చారో, వెనకనుంచి అతని వాళ్ళే కాల్చారో ఇప్పటికీ తెలియదు. శవాన్ని ఠాణా ముందు చెక్క పలక మీద పడుకోబెట్టారు. ఇతనేనా అని అడిగితే రాసమ్మే తలూపింది. మోహనప్రియ ఇక చాలు మామ్మా అంది. రాసమ్మ వినలేదు.

"ఆడ్ని కప్పెట్టినాక కూడా ఇమానం వచ్చినాది. ఆల్లకి ఎవులూ సెప్పలేదు కావాల. రెండు రోజులు తిరిగినాది. అంతా నా గొంతే. అన్నియ్యా వచ్చీ, అన్నియ్యా వచ్చీ అని. మాయమ్మ ఇంట్లో కూకొని ఇన్నాది. నన్నేటీ అన్లేదు." నీళ్ళ సీసా మూత బిగించింది. "సచ్చిందాకా ఏటీ అన్లేదు."

సోమవారం మధ్యాహ్నం గోదాములో అన్నం తింటూ మోహనప్రియ ఫోను తెరిచింది. ప్రదర్శన పేజీలో మొదటి ఫొటో శివనేశన్ తీసింది. వెనకనుంచి తీశాడు. చేతులెత్తిన ముసలామె, నెత్తిమీద నిండుగా డకోటా, ప్రొపెల్లర్లు చక్కగా తిరుగుతున్నాయి. అంత బాగా కుదిరిన ఫొటో ఆమె ఈ ఆరేళ్ళలో చూడలేదు. పాత నేస్తానికి అవ్వ స్వాగతం అని కింద రాశారు. వేలమంది మెచ్చుకున్నారు.

శని, ఆదివారాల సెలవులో ఇంటికి పోయి దాన్ని మామ్మకు చూపించింది. తీసేయమని అడగమంటావా అంది. రాసమ్మ తెరను ముఖానికి దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూసింది.

"ఉండనీ లా. కింద ఆడి పేరు రాయి. ఇన్నేల్లలో ఎవులూ ఎక్కడా రాయలేదు."

మోహనప్రియ రాసింది. అప్పడు అనే పేరు, అతను ఎవరో, ఏ మాట నమ్మి బయటికి వచ్చాడో, ఈ చేతులు ఎందుకు లేచాయో నాలుగు వాక్యాల్లో పెట్టింది. గంటలోనే బదులు వచ్చింది. ఉగ్రవాదికి తగిన శాస్తి అన్నాడొకడు. సరదాగా జరిగిన పండుగలో ఈ పాత పుండు ఎందుకన్నారు ఇంకొందరు. ఎవరో ఇద్దరు మాత్రం దండం గుర్తు పెట్టారు. మంగళవారానికి క్లబ్బు వాళ్ళు ఫొటోతో సహా అంతా తీసేశారు. శివనేశన్ ఫోన్ చేసి, వచ్చే ఏడు తనను లోపలికి రానివ్వరేమోనని భయమేసి తన పేజీలోంచి కూడా తీసేశానని, మన్నించమని అన్నాడు. ఆమె సరే అని పెట్టేసింది.

ఆ సాయంత్రం గోదాములో ఉండగా ఇంటినుంచి ఫోన్ వచ్చింది. రాసమ్మ తనంతట తాను ఫోన్ చేయడం అదే మొదటిసారి.

"ఉన్నాదా ఆడి పేరు?"

"ఉన్నాది మామ్మా."

"ఎవులైనా ఏటన్నా అన్నారా?"

కింద ఒక లారీ వెనక్కి వస్తోంది. మోహనప్రియ దాని మోత ఆగేదాకా చూసింది.

"ఎవులూ ఏటీ అన్లేదు," అంది.

మర్నాడు అదే వేళకు మళ్ళీ ఫోన్ మోగింది.